ఎవరి పనిమీద?

విశాఖపట్నం విమానాశ్రయంలో ఆ ఉదయం కూర్చుని నేను చేసిన పని, నేను లేకపోతే మా ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారో లెక్కవేసుకోవడం. నాన్నకి మంగళవారం, శుక్రవారం డయాలసిస్. పలాస దాకా ఆటో మాట్లాడేది నేను. పరీక్షల కాగితాలు ఏ సంచిలో ఉన్నాయో తెలిసింది నాకు. రోజుకెన్ని నీళ్లు తాగొచ్చో కొలిచి సీసాలో పోసేది నేను. "నేను లేకపోతే" అని మొదలైన ఆలోచన, అద్దం అవతల నిలబడ్డ విమానాన్ని చూస్తుండగానే "నేను పోతే" అయిపోయింది.

అది 2025 ఆగస్టు. నాకు ముప్ఫై ఆరేళ్లు. సాహిత్యంలో డాక్టరేట్ ఉంది. స్త్రీలు రాసిన యాత్రాకథనాల మీద నాలుగొందల పేజీల సిద్ధాంతగ్రంథం రాశాను. విమానం ఎక్కడం మాత్రం అదే మొదలు. అదీ ఒక్కదాన్నే.

అప్పటికి రెండు నెలల క్రితం, జూన్ 12న, అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం లేచిన నిమిషంలోపే కూలిపోయింది. అందులో ఉన్న 242 మందిలో 241 మంది చనిపోయారు. ఏడాది ముందు పౌర విమానయాన శాఖకి మంత్రయిన కింజరాపు రామ్మోహన్ నాయుడు మా జిల్లావారే కావడం వల్ల కాబోలు, ఆ రోజుల్లో మా ఊళ్లో కిళ్లీకొట్టు దగ్గర కూడా విమానాల మాటే. "లెక్కలు చూస్తే రోడ్డు మీద కన్నా ఆకాశంలోనే క్షేమం" అని స్నేహితురాలు ధైర్యం చెప్పింది. నిజమే. కానీ లెక్కలు లోకం మొత్తానికి పనికొస్తాయి, ఒక్క మనిషి గుండెకి పనికిరావు. నా గుండె ఆ ఒక్క విమానాన్నే పట్టుకుని కూర్చుంది.

మీరనుకోవచ్చు, ఒంటరి ప్రయాణం కొత్త కాబట్టి భయపడిందని. కాదు. మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. డిగ్రీ నుంచి ఇప్పటిదాకా నా చదువంతా పలాస స్టేషన్‌లో రైలెక్కడంతోనే మొదలైంది. జనరల్ పెట్టెలో, తలుపు దగ్గర, రాత్రుళ్లు, ఒక్కదాన్నే ఎన్నిసార్లు వెళ్లానో. రైల్లో భయపడాల్సినవి బోలెడు ఉంటాయి. ఏవి ఎక్కడినుంచి వస్తాయో నాకు తెలుసు. చీకట్లో తగిలే చెయ్యి, అదేపనిగా చూసే కళ్లు, వాటికి నా దగ్గర పిన్నీసు నుంచి గట్టి గొంతు దాకా ఆయుధాలున్నాయి. నౌపడా వచ్చేసరికి ఉప్పుమళ్లు కనిపిస్తాయి. ఎదుటి సీటావిడ అన్నం డబ్బా మూత తీస్తుంది. వద్దనుకుంటే వచ్చే స్టేషన్‌లో దిగిపోవచ్చు. విమానంలో దిగిపోవడం అన్న మాట లేదు.

మరి ఈసారి రైల్లో ఎందుకు వెళ్లలేదు? చెన్నైలో రెండురోజుల సెమినార్. రైలైతే రానూపోనూ రెండు రోజులు పోతాయి. నాన్నకి రెండు డయాలసిస్‌లు నేను లేకుండా జరగాలి. విమానమైతే ఒక్కటే. బుధవారం వెళ్లి శనివారం వచ్చేయొచ్చు. అంటే నేను విమానం ఎక్కింది కూడా ఇంటి లెక్క ప్రకారమే. అయినా అమ్మ నన్నడిగిన మాట, "ఎల్లకపోతే ఏటవుద్ది?" అని. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. వెళ్లకపోతే ఏమీ అవదు. సెమినార్ జరుగుతుంది. నా పత్రం చదవాల్సిన ఇరవై నిమిషాల్లో వాళ్లు టీ తాగుతారు.

మా అన్నయ్య దుబాయి వెళ్లినప్పుడు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అతను పొట్టకోసం వెళ్తున్నాడు, ఇంటికోసం వెళ్తున్నాడు. అది కష్టం, నేను కాదనను. మా ఊళ్లో ఆడవాళ్లకీ ప్రయాణాలున్నాయి. పురుడుకి వెళ్తారు, చావుకి వెళ్తారు, ఆసుపత్రికి వెళ్తారు, మొక్కు తీర్చుకోవడానికి వెళ్తారు. ప్రతిదానికీ ఎవరో ఒకరి పేరుంటుంది. నా ప్రయాణానికి ఎవరి పేరూ లేదు. నేను రాసుకున్న ఇరవై కాగితాలున్నాయి. విమానం కూలిపోతే ఊళ్లో ఏమంటారో నాకు వినిపించింది: తండ్రిని మంచాన వదిలేసి, దేనికెళ్లిందో తెలీదు. చావు కన్నా ఆ మాట ఎక్కువ భయపెట్టింది.

విమానం పరుగు అందుకుంది. ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి మా ఊరి గాలి ఇలాగే అరిచింది. తెల్లారేసరికి ఉద్దానం కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు నేలమీద పడుకుని ఉన్నాయి. కానీ ఆ రాత్రి మేం ఇరవైమందిమి ఒకే డాబా కింద ఒకళ్లనొకళ్లు ఆనుకుని కూర్చున్నాం. అరిచినవాళ్లు అరిచారు, దేవుణ్ణి తిట్టినవాళ్లు తిట్టారు. ఇక్కడ నేను ఇస్త్రీ చీర కట్టుకుని, ఒళ్లో పుస్తకం తెరిచిపెట్టుకుని, ఏమీ కానట్టు కూర్చోవాలి. చేతులు చల్లబడిపోయాయి. ఊపిరి గొంతు దాటి కిందికి దిగడం లేదు.

అప్పుడు పక్కసీటు ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మీ, నాకు గాబరాగుంది. ఏదైనా మాటాడు."

యాభై దాటి ఉంటాయి. మందస వైపు మనిషి. మాట వినగానే ఊరు తెలిసిపోయింది. పలాసలో జీడిపిక్కల పని ముప్ఫై ఏళ్లుగా చేస్తోందట. పిక్క తొక్కలోని నూనె వేళ్లకి పట్టి, చర్మం ఊడి, మళ్లీ వచ్చి, నల్లబడిపోయిన చేతులు. "పింఛనుకి నా ఏలు పడదమ్మా, కళ్లు సూపించాల" అంది. కూతురు అండమాన్‌లో ఉంది. మా జిల్లావాళ్లు అక్కడికి వెళ్లి స్థిరపడటం తరాలుగా ఉన్నదే. మునుపు విశాఖలో ఓడెక్కితే రెండు రోజులు దాటి సముద్రం మీద పోవాలి. ఇప్పుడు అల్లుడు చెన్నై మీదుగా విమానం టికెట్టు తీశాడు. కూతురికి నెలలు నిండాయి. పురుడు పోయడానికి వెళ్తోంది.

నేను పిన్నీ అని పిలిచాను. బెల్టు సరిచేశాను. లేచిన కాసేపటికి ఇంజన్ చప్పుడు ఉన్నట్టుండి తగ్గి, కడుపులో జారినట్టయింది. పిన్ని నా చెయ్యి నొక్కింది. పైకి లేవడానికి కావాల్సిన బలం ఎక్కువ, లేచాక అంత అక్కర్లేదు, అందుకని తగ్గిస్తారు, ఇంజన్ ఆగిపోలేదు అని చెప్పాను. కిటికీలోంచి రెక్క ఊగడం చూసి బెదిరింది. ఊగేలాగే చేస్తారు, ఎగిరేటప్పుడు దానిమీద పడగల పెద్ద బరువుకి ఒకటిన్నర రెట్లు మోయగలిగేలా కడతారు అన్నాను. ఇవన్నీ నేను వారం రోజులుగా రాత్రుళ్లు కూర్చుని చదువుకున్నవే. నాకు చెప్పుకుంటే పనిచెయ్యని మాటలు ఆవిడకి చెబుతుంటే పనిచేశాయి. ఆవిడకీ, నాకూ. చెన్నైలో దిగేసరికి నాకు భయం లేదు. పోర్ట్‌బ్లెయిర్ విమానం గేటు దాకా తీసుకెళ్లి దిగబెట్టాను.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ. సాటి స్త్రీకి ధైర్యం చెబుతూ తనూ ధైర్యం తెచ్చుకుంది అని. ఆ సాయంత్రం హాస్టల్ గదిలో కూర్చున్నాక నాకు ఆ కథ మీద అనుమానం వచ్చింది. నా భయం పోయిందా? లేక నేను నా నుంచి పక్కకి తప్పుకున్నానా? ఎవరినో ఒకరిని చూసుకునే పని దొరికింది. దొరకగానే చేతులు వెచ్చబడ్డాయి, గొంతు నిలదొక్కుకుంది. చిన్నప్పటినుంచి నాకు వచ్చిన పని అదొక్కటే కదా. ఆడపిల్ల తన భయాన్ని చూసుకోకుండా ఉండటానికి ఇంకొకరి భయాన్ని చూసుకోవడం అనే ఉపాయం మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తోంది. అమ్మకి భయం వేయడం నేనెప్పుడూ చూడలేదు. వేయదని కాదు. వేసే తీరిక ఎవరూ ఇవ్వలేదు.

అలాగని ఆ గంటన్నరని కొట్టిపారేయలేను. పిన్ని చెయ్యి నిజం. ఆవిడ అడిగిన తీరు ఇంకా నిజం. "నాకు గాబరాగుంది" అని ముక్కూ మొహం తెలియని మనిషితో చెప్పగలిగింది. నేను చెప్పలేకపోయాను. నేను ఆవిడకి అంత చెప్పానే గాని, నాకూ భయంగానే ఉందని మాత్రం చెప్పలేదు. చదువుకున్నదాన్ని, చెబితే చిన్నతనం అనుకున్నాను. స్వతంత్రంగా ఉండటమంటే ఎవరినీ ఏమీ అడగకుండా ఉండటమని నేనెక్కడ నేర్చుకున్నాను?

మర్నాడు నేను చదివిన పత్రంలో దీనికి కొంత జవాబుంది, రాసినప్పుడు నాకు తెలియకుండానే. తెలుగులో తొలి యాత్రాచరిత్ర అని చెప్పుకునే కాశీయాత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. తిరుగుదారిలో ఇచ్ఛాపురం, శ్రీకాకుళం మీదుగా మా గడ్డమీదనుంచే వెళ్లాడు. ఎలా వెళ్లాడు? కుటుంబం, పరివారం, పల్లకీ మోసే బోయీలు, మొత్తం వందమంది దాకా. అయినా అది ఆయన యాత్రే. అన్నిమంది భుజాల మీద వెళ్లాడు కాబట్టి పిరికివాడని ఎవరూ అనలేదు, అనక్కర్లేదు కూడా. 1870లలో పోతం జానకమ్మ ఓడెక్కి ఇంగ్లండు వెళ్లింది. తను చూసిందంతా రాసింది. 1876లో మద్రాసులో అది పుస్తకంగా ఇంగ్లీషులో వచ్చింది. ఆమె పక్కన భర్త ఉన్నాడు. ఆ సంగతి మాత్రం మనం మర్చిపోకుండా చెబుతాం. నేనూ నా సిద్ధాంతగ్రంథంలో "భర్త తోడుతో" అనే రాశాను. వీరాస్వామయ్య గురించి "బోయీల తోడుతో" అని నేనెక్కడా రాయలేదు.

మగవాడికి తోడున్నవాళ్లు పరివారం అవుతారు. ఆడదానికి తోడున్నవాళ్లు కాపలా అవుతారు. అందుకని మనం కాపలా వద్దంటూ తోడుని కూడా వదిలేసుకున్నాం. ఒంటరిగా వెళ్లడమంటే నిర్ణయం నాది అని అర్థం. చెయ్యందించేవాళ్లు ఎవరూ ఉండకూడదని కాదు. ఈ రెంటినీ కలిపేసి, భయాన్ని దాచుకోవడమే స్త్రీ స్వేచ్ఛకి రుజువన్నట్టు నేను ఇన్నాళ్లూ నడిచాను.

కీర్కెగార్డ్ అనే డెన్మార్క్ తత్వవేత్త 1844లో ఆందోళన గురించి ఒక పుస్తకం రాశాడు. భయానికి ఎదురుగా ఒక వస్తువుంటుంది, ఆందోళనకి ఉండదు అంటాడు. లోయ అంచున నిలబడి కిందికి చూసినవాడికి కళ్లు తిరిగినట్టు, తన ముందున్న స్వేచ్ఛని చూసుకున్న మనిషికి తల తిరుగుతుందని ఆయన ఆలోచన. చదువుకునే రోజుల్లో నాకిది చాలా నచ్చింది. ఇప్పుడు ఒక సందేహం. ఆయన అంచున నిలబెట్టిన మనిషి వెనక ఎవరూ లేరు. మన అంచున నిలబడ్డ స్త్రీ కొంగు పట్టుకుని ఎంతమంది ఉంటారు! ఆమెకి తల తిరిగేది ముందున్న లోయని చూసి మాత్రమే కాదు, వెనక నుంచి వచ్చే ప్రశ్నని విని కూడా. నువ్వు పోతే వీళ్లకెవరు? మన తెలుగులో దీనికి 'బెంగ' అని మంచి మాటుంది. బెంగలో భయమూ ఉంది, ప్రేమా ఉంది. ఏది ఎంతో విడదీయడం కష్టం. నా గుండెదడలో విమానం వాటా ఎంత, నాన్న వాటా ఎంత, ఊరి నోటి వాటా ఎంత అని అడిగితే నేను చెప్పలేను.

ఇంకో ప్రశ్న కూడా నన్ను వదలలేదు. కిడ్నీలు పోతున్న ఊళ్లో కూర్చుని విమానమంటే భయమని రాయడానికి నాకు మొహం ఉందా? ఉద్దానంలో ఇరవై ఏళ్లకు పైగా ఈ జబ్బు మీద పరిశోధనలు జరుగుతున్నాయి. నీళ్లన్నారు, ఎండలో చెమటోడ్చే పని అన్నారు, పురుగుమందులన్నారు. ఇదీ కారణమని ఒక్కదాన్ని ఇప్పటికీ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. వంశధార నీళ్లు హిరమండలం నుంచి గొట్టాల్లో ఇచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. వీటి మధ్య నా గుండెదడ ఎంత? చాలా చిన్నది. కానీ చిన్నది కాబట్టి మాట్లాడకూడదు అనే నియమం ఎవరికి వర్తిస్తుందో చూడండి. మా ఇంట్లో నాన్న జబ్బు ముందు అమ్మ మోకాళ్ల నొప్పి చిన్నది. అందుకని అమ్మ పదేళ్లుగా చెప్పలేదు. ఇంట్లో పెద్ద బాధ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆడవాళ్ల బాధ ఎప్పుడూ దానికన్నా చిన్నదే అవుతుంది. బాధల్ని వరసలో నిలబెట్టినంత కాలం మన వంతు రాదు.

శుక్రవారం రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మా, పక్కింటి కుర్రాడూ కలిసి నాన్నని తీసుకెళ్లి తీసుకొచ్చారట. కాగితాల సంచి అమ్మకి దొరికిందట. నేను లేకుండా అన్నీ జరిగిపోయాయి. కాస్త తేలికపడ్డాను. నిజం చెప్పాలంటే, కాస్త చిన్నబోయాను కూడా. నాన్న ఫోన్ తీసుకుని, "ఇమానంలో బెదిరినావేటి?" అన్నాడు. లేదు అనబోయి, ఎందుకో, "అవును నాన్నా" అనేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మొదటి దినం ఆ మిసను కాడ నానూ బెదిరీసినాను. ఒంట్లో రగతమంతా బయటికెల్లి తిరుగుతంది, మరి బెదురుండదేటి? నర్సమ్మని పిలిసి సెప్పీసినాను. ఆ పిల్ల పక్కన నిలబడింది. అంతే. రెండో దినం మల్లీ సెప్పినాను. ఇప్పుడు నిద్దరోతన్నాను."

నాన్న నోట 'బెదిరీసినాను' అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. నలభై ఏళ్లు తోటపని చేసిన మనిషి. జబ్బు పడ్డాక గాని ఆయనకీ ఆ మాట అనే అవకాశం రాలేదు. మగవాళ్లకి కూడా ఈ వ్యవస్థ ఏమిచ్చిందో అప్పుడు నాకు కొంచెం అర్థమయింది. వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు, తన రక్తాన్ని ఒక యంత్రానికి అప్పజెప్పి నిద్రపోతున్నాడాయన. యంత్రాన్ని నమ్మి కాదు. పక్కన నిలబడ్డ పిల్లని నమ్మి.

శనివారం తిరుగు విమానంలో నా పక్కన ఎవరో కుర్రాడు. ఎక్కగానే చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చూసుకోవడానికి ఎవరూ లేరు. తలుపు వేశారు. అనుకున్నట్టే చేతులు చల్లబడ్డాయి. నీళ్లివ్వడానికి వచ్చిన అమ్మాయితో చెప్పాను. "నాకు భయంగా ఉంది. ఇది నా రెండో ప్రయాణం. ఒక్కదాన్నే వెళ్తున్నాను." చెప్పడానికి నాకెంత కష్టమైందో, వినడానికి ఆ అమ్మాయికి అంత మామూలుగా ఉంది. రోజూ ఎవరో ఒకరు చెబుతారంది. ఊపిరి తీసుకునే దానికన్నా వదిలేటప్పుడు ఎక్కువ సేపు వదలమంది. మేఘాల్లో కుదుపు వస్తుంది, అప్పుడు నేను మీకు కనిపించేలా ఉంటాను అంది. కుదుపు వచ్చింది. ఆ అమ్మాయి తన సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని నాకేసి చూసి తల ఊపింది. నేను ఊపిరి వదులుతూ లెక్కపెట్టుకున్నాను. నాలుగుకి తీసుకుని ఆరుకి వదిలాను. మధ్యలో పిన్నికి చెప్పినట్టే నాకు నేను చెప్పుకున్నాను, ఈసారి పేరు పెట్టి పిలుచుకుని: రెక్క ఊగుతుంది, ఊగనీ.

భయం పోలేదు. ఆ గంటన్నరా నా పక్కనే కూర్చుంది. కానీ ఈసారి నేను దాన్ని దాచలేదు, ఇంకొకరి సేవలో మరిచిపోనూ లేదు. ఇంకొకరిని చూసుకునేంత శ్రద్ధగా నన్ను నేను చూసుకోవడం ఎలా ఉంటుందో కొంచెం తెలిసింది. అది స్వార్థం అనిపించలేదు. అలవాటు లేని పని అనిపించింది, అంతే.

డిసెంబరులో ఒక ఆదివారం టెక్కలి దాటి తేలినీలాపురం వెళ్లాను. ఏటా వానాకాలం చివర్లో అక్కడి చింతచెట్ల మీదికి గూడబాతులు, రంగుల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. సైబీరియా నుంచి వస్తాయని మావైపు అందరూ అంటారు. పక్షుల గురించి చదివినవాళ్లు మాత్రం ఇవి మన దేశంలోనే నీళ్లనీ తిండినీ బట్టి చోటు మారే పక్షులని చెబుతారు. "పురుటికొచ్చిన ఆడపిల్లలే" అని మా అమ్మమ్మ అనేది. చిన్నప్పుడు ఆ మాట ఎంతో ముద్దుగా ఉండేది. ఇప్పుడు వింటే, పక్షి ఎగరడానికి కూడా ఒక పురుడు చూపించాలా అనిపిస్తుంది.

దారిలో ఆటో అతను అడిగాడు. "ఎవరి పనిమీదమ్మా?"

ఎవరో బంధువుల పేరు నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "నా పనిమీదే" అన్నాను. గొంతు కొంచెం వణికింది. అతను పట్టించుకోలేదు.